ముఖచిత్రం మీద ఎవరి ముఖం?

పుస్తకం అట్ట మీద వేసే బొమ్మను మనం ముఖచిత్రం అంటాం. మాట బాగా అలవాటైపోయి, అందులో ఉన్న ముఖాన్ని మరిచిపోయాం. ఆ ముఖం ఎవరిది? ఎవరు గీశారు? గీసిన మనిషి తన ముఖాన్ని అక్కడ పెట్టుకోగలిగాడా? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే పిల్లల బొమ్మల పుస్తకాల అట్టలు కూడా పిల్లల వ్యవహారంగా మిగలవు.

1930ల చివరి నుంచి 1950ల మధ్య దాకా అమెరికాలో వచ్చిన కామిక్ పుస్తకాల ముఖచిత్రాల గురించి ఇక్కడ మాట్లాడుకుందాం. ఎక్కడి అమెరికా, ఎక్కడి తెలుగు ముస్లిం అని మిత్రులు అడగొచ్చు. ఆ బొమ్మలు గీసినవాళ్ళెవరో చూస్తే ఆ ప్రశ్న నిలవదు. వాళ్ళలో చాలామంది తూర్పు యూరప్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన యూదుల బిడ్డలు. దర్జీల కొడుకులు, బట్టల కార్ఖానా కూలీల కొడుకులు. వాళ్ళ పక్కన ప్యూర్టోరికో నుంచి వచ్చినవాడొకడు, నల్లజాతివాడొకడు, చైనా సంతతివాడొకడు. పేరున్న పత్రికలూ ప్రకటనల కంపెనీలూ తలుపులు సులువుగా తియ్యని రోజుల్లో పది సెంట్ల పుస్తకాల పరిశ్రమ వాళ్ళకి చోటిచ్చింది. పెద్దమనుషులు చిన్నచూపు చూసే పని కాబట్టే ఆ చోటు ఖాళీగా ఉంది. సైకిల్ షాపులో, కుట్టు మిషన్ ముందు, లారీ షెడ్డులో మనవాళ్ళకి చోటు దొరికినట్టే అదీను.

చరిత్ర రాసినవాళ్ళు ఆ కాలాన్ని కామిక్స్ స్వర్ణయుగం అన్నారు. బంగారం ప్రచురణకర్తలకు దక్కింది. గీసినవాళ్ళకి పేజీకింత అని కూలి దక్కింది. బొమ్మ మీద హక్కు లేదు, గీసిన అసలు కాగితం కూడా చాలాసార్లు తిరిగి చేతికొచ్చేది కాదు. అయినా ఆ కూలిపనిలోనే వాళ్ళు కొన్ని సాహసాలు చేశారు. కొన్ని పాపాలూ చేశారు. రెండూ మనకు పాఠాలే.

మొదట అట్ట పని ఎలా నడిచేదో చూద్దాం. లోపలి పేజీలు చవక న్యూస్ ప్రింటు మీద అచ్చయ్యేవి. అట్ట ఒక్కటే నున్నటి కాగితం. పత్రికల బడ్డీలో పదుల పుస్తకాల మధ్య, దారిన పోయే పిల్లవాడి కాలు ఆగేలా చెయ్యాల్సింది ఆ ఒక్క బొమ్మే. అందుకే అట్ట వేసేవాడికి లోపలి కథతో పెద్దగా పని ఉండేది కాదు. కొన్నిసార్లు అట్ట మీద కనపడే సంఘటన లోపల వెతికినా దొరకదు. ఎల్.బి. కోల్ అనే చిత్రకారుడు నల్లటి నేపథ్యం మీద మండిపోయే ఎరుపులూ పసుపులూ పెట్టి, సినిమా పోస్టరుకు ఉండే బిగువును కామిక్ అట్టకు తెచ్చాడు. కథ చెప్పడం అతని లక్ష్యం కాదు, కళ్ళు పట్టుకు లాగడం. ఆ వ్యాపార అవసరమే చిత్రకారుడికి ఒక స్వేచ్ఛ ఇచ్చింది. కథకు కట్టుబడనక్కర్లేదు గనక తన మనసులో ఉన్న మాట ఒక్క బొమ్మలో చెప్పేయొచ్చు.

అలా చెప్పిన మాటల్లో అన్నిటికన్నా గట్టిది 1940 డిసెంబరు 20న బడ్డీల్లోకి వచ్చింది. 1941 మార్చి తేదీతో వెలువడ్డ కెప్టెన్ అమెరికా మొదటి సంచిక. జో సైమన్, జాక్ కర్బీ కలిసి సృష్టించిన పుస్తకం. అట్ట మీద అమెరికా జెండా రంగులు తొడుక్కున్న వీరుడు హిట్లర్ దవడ పగిలేలా పిడిగుద్దు గుద్దుతున్నాడు. చుట్టూ నాజీ సైనికులు కాలుస్తుంటే గుళ్ళు డాలుకు తగిలి పక్కకు పోతున్నాయి. నేల మీద అమెరికాలో విధ్వంసానికి వేసిన పథకాల కాగితం పడి ఉంది.

ఈ రోజు చూస్తే ఇందులో వింతేముంది అనిపిస్తుంది. హిట్లర్‌ని కొట్టడం తప్పని ఇప్పుడెవరంటారు? కాని తేదీ చూడండి. పెర్ల్ హార్బర్ మీద దాడి 1941 డిసెంబరు 7న జరిగింది. ఆ తర్వాతే అమెరికా యుద్ధంలో దిగింది. అంటే దాదాపు ఏడాది ముందు, ఆ ప్రభుత్వమే తటస్థంగా ఉన్న రోజుల్లో, యూదు దర్జీ కొడుకూ యూదు కార్ఖానా కూలీ కొడుకూ కలిసి ఆ దెబ్బ కొట్టారు. 1939 ఫిబ్రవరిలో న్యూయార్కు నడిబొడ్డున మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నాజీ అనుకూలుల సభకు సుమారు 20,000 మంది వచ్చారు. ఆ ఊళ్ళోనే కూర్చుని గీసిన బొమ్మ అది. పుస్తకం దాదాపు పది లక్షలు అమ్ముడైందంటారు. బెదిరింపు ఉత్తరాలూ అంతే జోరుగా వచ్చాయి. ఆఫీసు ముందు పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చిందని, మేయర్ లాగార్డియా స్వయంగా ఫోన్ చేసి ధైర్యం చెప్పాడని సైమన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఈ అట్టలో మేం గమనించాల్సింది ధైర్యం ఒక్కటే కాదు. దెబ్బ ఎవరికి తగులుతోంది అన్నది ఇంకా ముఖ్యం. దెబ్బ తిన్నవాడికి పేరుంది, పదవి ఉంది, అతని ఆజ్ఞ మీద కదిలే సైన్యం ఉంది. పక్కనున్న శత్రువులను మనం గుర్తుపట్టేది వాళ్ళ యూనిఫారాన్ని బట్టి, చేతికున్న స్వస్తిక్ పట్టీని బట్టి. ఆ యూనిఫారం విప్పేస్తే వాళ్ళు మామూలు తెల్లవాళ్ళు. న్యూయార్కులో బ్రెడ్డు అమ్ముకునే జర్మను మనిషికి ఆ అట్ట వల్ల ఏ హానీ లేదు. అట్ట అధికారం మీద కోపం పెట్టుకుంది, జాతి మీద పెట్టుకోలేదు.

ఇప్పుడు పక్క అట్ట తిప్పండి. అదే కంపెనీ పుస్తకాలకు ఎక్కువ అట్టలు వేసిన గొప్ప పనివాడు అలెక్స్ షాంబర్గ్. 1905లో ప్యూర్టోరికోలోని అగ్వాడిల్యాలో పుట్టి, చిన్నతనంలోనే న్యూయార్కు చేరాడు. అతని అట్టను ఒక్క చూపులో చూడలేం. ఒక మూల వీరుడు విమానం మీంచి దూకుతుంటాడు, ఇంకో మూల ఎవరినో యంత్రానికి కట్టేసి ఉంటారు, నడుమ ట్యాంకులు, మంటలు, గొట్టాలు, మీటలు. అంగుళం ఖాళీ ఉండదు. పది సెంట్లకు పిల్లవాడు గంటసేపు అట్టే చూసుకోవచ్చు. అంత గుంపులోనూ ఏ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిసేలా గీసే చెయ్యి అది. తర్వాతి రోజుల్లో ఎయిర్ బ్రష్‌తో వేసిన అట్టల మీద తన పేరును వెనక నుంచి ముందుకు తిప్పి 'జెలా' అని సంతకం చేశాడు.

ఆ చేతే యుద్ధకాలంలో జపాన్‌వాణ్ణి గీసింది. ఎలా గీసింది? నిమ్మపండు రంగు చర్మం, కోరల్లాంటి పళ్ళు, గోళ్ళు పెరిగిన వేళ్ళు. మనిషికీ రాక్షసుడికీ మధ్య ఎక్కడో ఆగిన ఆకారం. షాంబర్గ్ ఒక్కడే కాదు, ఆ కాలపు అట్టలు చాలా వాటిలో ఇదే మూస. మూస అంతకుముందే తయారై ఉంది. 1937 మార్చిలో వచ్చిన డిటెక్టివ్ కామిక్స్ మొదటి సంచిక అట్ట నిండా ఉన్నది గుడ్లురుముతున్న ఒక చైనా దుర్మార్గుడి ముఖమే. యుద్ధం వచ్చాక ఆ మూసలో జపాన్‌వాణ్ణి పోశారు, అంతే.

మేం ఇందాక పెట్టుకున్న పరీక్ష ఇక్కడ పెట్టి చూడండి. ఈ బొమ్మకి యూనిఫారం విప్పేస్తే ఏం మిగులుతుంది? ముఖం మిగులుతుంది. ఆ ముఖమే శత్రువు. దానికి పేరు లేదు, హోదా లేదు, ఆజ్ఞ ఇచ్చే అధికారం లేదు. ఆ ముఖం ఎవరికుంటే వాళ్ళు నేరస్తులు. కాలిఫోర్నియాలో కూరగాయలు పండించుకునే జపాను సంతతి రైతుకూ, బడికి పోయే అతని కూతురికీ ఉన్నది అదే ముఖం. 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాను సంతతివాళ్ళను ఇళ్ళూ పొలాలూ వదిలించి ముళ్ళకంచె శిబిరాలకు తోలారు. వాళ్ళలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులు. చట్టసభ క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది 1988లో. కామిక్ అట్టలే ఆ పని చేయించాయని మేం అనడం లేదు. ఆ పని జరుగుతున్నప్పుడు పొరుగువాళ్ళెవరికీ నిద్ర చెడకుండా చేసిన వాటిలో ఆ అట్టలూ ఉన్నాయి అంటున్నాం.

ఈ తర్కం మాకు కొత్త కాదు. గడ్డం, టోపీ, కళ్ళకు సుర్మా, మెడలో గళ్ళ రుమాలు. ఈ నాలుగూ కలిపితే సినిమా పోస్టరు మీద, పత్రిక అట్ట మీద, కార్టూనులో ఉగ్రవాది తయారు. అతను ఏం చేశాడో, ఏ సంస్థవాడో చెప్పక్కర్లేదు. గుర్తుపట్టడానికి ముఖం చాలు. అదే టోపీ పెట్టుకుని మస్తాన్ తాత మసీదుకు పోతున్నప్పుడు, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడు, అద్దెకు ఇల్లు అడిగినప్పుడు ఆ అట్ట ఆయనకన్నా ముందు అక్కడికి చేరి ఉంటుంది. నేరం చేసినవాడి మీద కోపాన్ని మేం కాదనడం లేదు. కోపాన్ని ముఖానికి అంటించే కుంచెను ప్రశ్నిస్తున్నాం.

షాంబర్గ్ కూడా బయటివాడే కదా, బయటివాడి బాధ అతనికి తెలియదా అని అడగొచ్చు. బాధ పడ్డవాడు ఆ బాధనుంచి న్యాయం నేర్చుకుంటాడన్నది మనం ఇష్టపడి నమ్మే అబద్ధం. లోపలికి రావాలనుకున్న బయటివాడికి లోపలివాళ్ళు పెట్టే మొదటి పరీక్ష, ఇంకో బయటివాణ్ణి చూపించి రాయి వెయ్యమనడం. దేశభక్తి రుజువు చేసుకోమని అడిగించుకునే వాళ్ళకు ఈ సంగతి వివరించనక్కర్లేదు.

ఇక మూడో ప్రశ్న. గీసినవాడి ముఖం ఎక్కడుంది?

ముందు పేర్ల సంగతి. జాక్ కర్బీ పుట్టినప్పుడు జేకబ్ కుర్ట్స్‌బర్గ్. జో సైమన్ పుట్టినప్పుడు హైమీ సైమన్. వాళ్ళ ఆఫీసులో పనికి చేరిన కుర్రాడు స్టాన్లీ లీబర్ తర్వాత స్టాన్ లీ అయ్యాడు. యూదుతనం దాచుకోవడానికే పేరు మార్చుకున్నాడని ఎవరైనా అంటే కర్బీ మండిపడేవాడు. అతని కోపాన్ని మేం గౌరవిస్తాం. కాని ఒకే తరంలో, ఒకే వాడలో, ఒకే వృత్తిలో ఇంతమందికి ఒకే దిక్కుగా పేర్లు మారితే దాన్ని వ్యక్తుల ఇష్టాయిష్టాలకు వదిలెయ్యలేం. సంతకం చేసే చోటే అంత ఇరుకుగా ఉంది.

మాట్ బేకర్ది ఇంకో రకం. 1921లో నార్త్ కరోలినాలో పుట్టి పిట్స్‌బర్గ్‌లో పెరిగిన నల్లజాతి చిత్రకారుడు. ఆడమనిషి నిలబడే తీరు, బట్ట మడత పడే తీరు అంత నాజూగ్గా గీసినవాళ్ళు ఆ కాలంలో తక్కువ. 1948 ఏప్రిల్ నాటి ఫాంటమ్ లేడీ 17వ సంచిక అట్ట అతనిదే. ఈ రోజు పాత కామిక్స్ సేకరించేవాళ్ళు ఎగబడే అట్టల్లో అదొకటి. తర్వాత ప్రేమకథల పుస్తకాలకు అతను వేసిన అట్టల్లో తెల్లపిల్లలు, తెల్ల ప్రియులు, తెల్ల కన్నీళ్ళు. ఆ పుస్తకాలు కొన్న పాఠకులకు గీసిన చెయ్యి ఏ రంగుదో తెలిసే దారే లేదు. 1945లో క్రౌన్ కామిక్స్ కోసం అతను వూడా అనే నల్లజాతి వీరుణ్ణి గీశాడు. లోపలి పేజీల్లో నల్లగా ఉన్న ఆ వీరుడు అట్ట మీదికి వచ్చేసరికి తెల్లబడ్డాడు. నల్లవాడు అట్ట వెనక ఉండొచ్చు, అట్ట మీద ఉండకూడదు. బేకర్ 1959లో, 37 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయాడు. పరిశ్రమ తన గౌరవ జాబితాలో అతని పేరు చేర్చింది 2009లో.

చైనా సంతతి చిత్రకారుడు చూ హింగ్ 1944లో బ్లేజింగ్ కామిక్స్‌లో గ్రీన్ టర్టిల్ అనే వీరుణ్ణి తెచ్చాడు. చైనా పక్షాన పోరాడే వీరుడు. తన వీరుడు చైనావాడే కావాలని హింగ్ అడిగాడనీ, ప్రచురణకర్త ఒప్పుకోలేదనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా పేజీల్లో ఉన్నది మాత్రం కళ్ళకు కనపడుతుంది. వీరుడు కథ పొడవునా మనకు వీపు చూపిస్తూనే ఉంటాడు. ఇటు తిరిగినప్పుడు చెయ్యి అడ్డం, నీడ అడ్డం, ముసుగు అడ్డం. ముఖం ఇవ్వరా? అయితే తెల్ల ముఖమూ ఇవ్వను. గీత తెలిసినవాడు చెయ్యగల నిరసన ఇది. 2014లో జీన్ లూయెన్ యాంగ్, సోనీ లియు ఆ వీరుడికి పుట్టుకా ఇల్లూ అమ్మా ఇచ్చి కొత్త పుస్తకం రాశారు. అంటే ఆ వీరుడు ఇటు తిరగడానికి 70 ఏళ్ళు పట్టింది.

నల్లజాతివాళ్ళు తమ అట్ట తామే వేసుకోవాలనుకున్నప్పుడు ఏమైందో కూడా చెప్పుకోవాలి. ఫిలడెల్ఫియా పాత్రికేయుడు ఆరిన్ ఎవాన్స్ 1947లో ఆల్ నీగ్రో కామిక్స్ తెచ్చాడు. రాసిందీ గీసిందీ అందరూ నల్లవాళ్ళే. పదిహేను సెంట్లు. ఒక్కటే సంచిక. రెండో సంచికకు కాగితం అమ్మేవాళ్ళు దొరకలేదు. బొమ్మ గీసే స్వేచ్ఛ వేరు, కాగితం కొనుక్కునే స్వేచ్ఛ వేరు. చిన్న పత్రిక నడిపిన మైనారిటీ, దళిత మిత్రులకు ఈ వాక్యం విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఈ అట్టల మీద తిరుగుబాటు రెండు వైపుల నుంచి వచ్చింది. ఛాందసుల సంగతి అందరికీ తెలిసిందే. కాని కామిక్స్‌ని గట్టిగా ఎదిరించిన డాక్టర్ ఫ్రెడ్రిక్ వెర్థామ్ ఛాందసుడు కాడు. 1946లో హార్లెంలో పేద నల్లవాళ్ళకు మానసిక చికిత్సాలయం తెరిచిన మనిషి. అడవి కథల్లో నల్లవాళ్ళను అనాగరికులుగా చూపిస్తున్నారని అతను చేసిన విమర్శ న్యాయమైంది. 1954 ఏప్రిల్లో సెనేట్ విచారణలో, గొడ్డలీ తెగిన ఆడతలా ఉన్న ఒక అట్టను పైకెత్తి చూపించి ప్రచురణకర్త విలియం గెయిన్స్‌ని నిలదీశారు. ఆ అట్ట గీసింది జానీ క్రెయిగ్. భయం పుస్తకానికి అది సభ్యతగానే ఉందని గెయిన్స్ సమర్థించుకుని అభాసుపాలయ్యాడు. ఆ ఏడాదే ప్రచురణకర్తలు తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. దాని ముద్ర ప్రతి అట్ట మీదా ఒక మూల పడాలి. ముద్ర లేని పుస్తకాన్ని పంపిణీదారు ముట్టడు.

ఏ జాతినీ ఏ మతాన్నీ ఎగతాళి చెయ్యకూడదని ఆ నియమావళిలో ఉంది. మంచి మాటే. ఆ ముద్ర వేసే అధికారి ఆపబోయిన కథ ఏమిటో చూడండి. నారింజ రంగు రోబోలు నీలం రోబోలను వెలివేసిన గ్రహానికి భూమి నుంచి ఒక పరీక్షకుడు వస్తాడు. అందరినీ సమానంగా చూడలేని మీకు మాతో చేరే అర్హత లేదని చెప్పి వెళ్ళిపోతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తాడు. నల్లవాడు. నుదుటి మీద చెమట బొట్లు. అల్ ఫెల్డ్‌స్టీన్ రాయగా జో ఒర్లాండో గీసిన ఈ కథ 1953లో ఏ అడ్డూ లేకుండా అచ్చయింది. మళ్ళీ వెయ్యబోయేసరికి ఆ ముఖం నల్లగా ఉండటానికి వీల్లేదన్నాడు అధికారి. గెయిన్స్ రచ్చకెక్కుతానని బెదిరించి, 1956 ఫిబ్రవరి సంచికలో మార్చకుండా వేశాడు. ఆ సంస్థ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే. మా రక్షణ కోసం అని చెప్పి పెట్టిన నియమం మా ముఖం మీదే ముందు పడుతుందని మైనారిటీలు అనుమానిస్తే, ఆ అనుమానానికి ఆధారం ఉంది.

పదేళ్ళ తర్వాత కూడా ఆ భయం పోలేదు. 1966లో ఫెంటాస్టిక్ ఫోర్ 52వ సంచికలో బ్లాక్ పాంథర్ వచ్చాడు. కర్బీ మొదట వేసిన అట్టలో వీరుడి ముసుగు సగమే. కింది సగం ముఖం, గోధుమవన్నె చర్మం కనపడతాయి. అచ్చయిన అట్టలో ముసుగు పూర్తిగా దిగింది. హిట్లర్ దవడ మీద గుద్దించిన చేతికి కూడా ఒక నల్లవాడి దవడ చూపించడం అంత సులువుగా సాగలేదు.

మన ఇంటి అట్టలకూ ఈ మూడు ప్రశ్నలూ వేసుకోవాలి. 1967లో అనంత్ పై మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ ఇక్కడి తరాలకు చరిత్రంటే ఏమిటో బొమ్మల్లో నేర్పింది. శివాజీ, రాణా ప్రతాప్, పద్మిని కథల్లో ముస్లిం ఎదుటి పక్షం. అక్బరు, నూర్జహాను, టిప్పు మీదా పుస్తకాలున్నాయి, కాదనం. గద్దె మీద ముస్లిం ఉన్నాడు, యుద్ధంలో ముస్లిం ఉన్నాడు, భక్తుల్లో కబీరు ఉన్నాడు. దూది ఏకేవాడు, బీడీలు చుట్టే ఖాలా, లారీకి బోల్టులు బిగించే కుర్రాడు అట్టకెక్కడం అరుదు. ఆ వరసలోనే మీరాబాయి పుస్తకానికి అందమైన బొమ్మలు వేసింది యూసుఫ్ లీన్. ఒక ముస్లిం చెయ్యి కృష్ణభక్తురాలి ముఖాన్ని అంత ప్రేమగా గీసింది. ఆ ప్రేమ మాకు గర్వకారణం. ఎదురు ప్రేమ ఏ అట్ట మీద కనపడుతుందని అడగడం మా హక్కు.

2014లో మిస్ మార్వెల్ మొదటి సంచిక వచ్చింది. వీరురాలు కమలా ఖాన్, న్యూజెర్సీలో పెరుగుతున్న పాకిస్తానీ సంతతి ముస్లిం పిల్ల. సంపాదకురాలు సనా అమానత్, రచయిత్రి జి. విల్లో విల్సన్ ఇద్దరూ ముస్లింలే. ఆ అట్ట వేసిన సారా పిచెల్లి ఒక చిత్రమైన పని చేసింది. పిల్ల మెడలో రంగుల స్కార్ఫు ఉంది, చొక్కా మీద మెరుపు గుర్తుంది, చేతిలో చదువుకునే పుస్తకాలున్నాయి. ముఖం మాత్రం కింది సగమే ఉంది, కళ్ళు అట్ట పై అంచుకు అవతల ఉండిపోయాయి. 1966లో ముసుగు దించి సగం ముఖాన్ని మూసేశారు. ఇక్కడ సగం ముఖాన్ని చూపించి, మిగతాది చూడాలంటే లోపలికి రమ్మంటున్నారు. రెండు సగాల మధ్య దాదాపు యాభై ఏళ్ళ పోరాటం ఉంది. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో బస్సుల మీద ముస్లింలను హిట్లర్‌తో ముడిపెట్టే ద్వేష ప్రకటనలు వెలిస్తే, ఎవరో రాత్రికి రాత్రి వాటి మీద కమలా ఖాన్ బొమ్మ అంటించి పోయారు. కామిక్ అట్ట మీంచి దిగి వచ్చిన ముఖం ఒక అబద్ధాన్ని కప్పేసింది.

మాకు కావలసింది దయ తలచి వేసే మంచి సాయెబు బొమ్మ కాదు. ప్రాణాలిచ్చి స్నేహితుణ్ణి కాపాడే సాయెబూ, బాంబు పెట్టే సాయెబూ ఒకే మూస నుంచి వచ్చిన రెండు అట్టలు. పేరున్న, పనున్న, కోపమూ నవ్వూ ఉన్న మామూలు ముఖం కావాలి. దాన్ని గీసే కుంచె మా చేతికీ రావాలి. వచ్చిన రోజు 1940 డిసెంబరు నాటి అట్టను పక్కన పెట్టుకుందాం. ఎంత కోపం వచ్చినా అధికారం దవడ చూసి కొడదాం. షాంబర్గ్ అట్టను కూడా ఇంకో పక్కన పెట్టుకుందాం. మన కంటే కింద ఉన్నవాడికి, మన కంటే వేరుగా ఉన్నవాడికి, మన ఇంట్లోనే వెనక గదిలో ఉన్న ఆడపిల్లకు కోరలు గీస్తున్నామేమో చూసుకోవడానికి అది పనికొస్తుంది. ముఖం లేకపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం. ఇంకొకరి ముఖాన్ని చెరపడానికి మన చెయ్యి లేవకూడదు.